బెండు లోపలి కోత

బాడ్మింటన్ షటిళ్ళు తయారుచేసే ఆ కార్ఖానాలో ఆవిణ్ణి అందరూ కత్తెరక్క అనేవారు. ఎడమచేతి వాటం మనిషి. ఈకని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి లాగి, కళ్ళు మూసుకునే చెప్పేసేది: ఇది పెద్దబాతుది, ఇది మామూలు బాతుది, ఇది కుడిరెక్కది, ఇది ఎడమరెక్కది. కడిగి తెల్లగా చేశాక చూపుకి అన్నీ ఒకలాగే ఉంటాయి. కానీ పెద్దబాతు ఈక కాడ లావుగా, నిటారుగా ఉంటుంది. బాతు ఈక కాడ సన్నం, చివర కాస్త వంపు. షటిల్‌కి పదహారు ఈకలు. పదహారూ ఒకే పక్షివి, ఒకే వైపు రెక్కవి అయితేనే అది తిన్నగా ఎగురుతుంది. లేకపోతే తాగినవాడిలా తూలుతుంది.

మొదటి రకం షటిళ్ళకి ఈకలు ఏరేదీ, షటిల్ అడుగునుండే బెండులో దిగేలా కాడల చివర్లు ఏటవాలుగా కోసేదీ పంతొమ్మిదేళ్ళుగా ఆవిడొక్కతే. చెల్లెలి మొగుడికి పనిలేదంటే యజమానురాల్ని బతిమాలి అదే కార్ఖానాలో ఇప్పించింది. అతను చురుకైనవాడు. పదేళ్ళు తిరిగేసరికి మేస్త్రీ అయ్యాడు, గోదాం తాళాలు అతని మొలకెక్కాయి. వదినగారి ముందు కుర్చీలో కాలు మీద కాలు వేసుకు కూర్చోవడం కూడా అప్పుడే మొదలైంది. ఆవిడ నవ్వి ఊరుకుంది, మనవాడే కదా అని.

ఒక వానాకాలం మొదటి రకం పెట్టెలు నలభై తిరిగొచ్చాయి. నాలుగు దెబ్బలకే ఈకలు విరుగుతున్నాయనీ, షటిల్ ఎటు పోతుందో తెలియడం లేదనీ ఆటగాళ్ళు దుమ్మెత్తిపోశారట. విప్పి చూస్తే పెద్దబాతు ఈకల మధ్య బాతు ఈకలు. యజమానురాలు హాల్లో అందరినీ నిలబెట్టి అడిగింది. మేస్త్రీ స్టూలెక్కాడు, వెనక వరసకి కూడా వినబడాలని.

"వదినకి చూపు ఆనడం లేదు మేడం. నాలుగు నెలలుగా చూస్తున్నాను. సొంతమనిషి కదా అని కడుపులో పెట్టుకున్నాను. తప్పు నాదే."

తప్పు నాదే అన్న ఆ చివరి మాటకి కొందరు అయ్యో పాపం అన్నారు, అతన్ని చూసి. కత్తెరక్క సాయంత్రానికి ఏప్రాను మడిచి బల్ల మీద పెట్టేసింది. వెళ్తూ వెళ్తూ తిరిగొచ్చిన షటిళ్ళలోంచి ఒకటి సంచిలో వేసుకుంది.

ఇంట్లో వంటగట్టు మీద దాన్ని వేడినీళ్ళలో నానబెట్టింది. జిగురు కరిగాక ఈకలు ఒక్కొక్కటే బెండులోంచి ఊడదీసింది. పదకొండు పెద్దబాతువి. అయిదు బాతువి. అది చెయ్యి తగలగానే తెలిసింది. తెలియనిది కాడల చివర ఉంది. ఆవిడ ఎడమచేత్తో కోస్తుంది కనుక కోత ఎడమకి వాలుతుంది. పదకొండింటి కోతా ఎడమకే వాలింది. అయిదింటిది కుడికి. పైగా ఆ అయిదింటి మీదా వెంట్రుకంత గీత, అంచు మొక్కపోయిన కత్తితో కోస్తే పడే గీత. ఆ కత్తి ఎవరిదో ఆవిడకి తెలుసు. చెల్లెలి పెళ్ళికి మరిదికి తనే కానుకిచ్చిన మడతకత్తి.

ఆవిడ ఏడవలేదు. ఆ అయిదు ఈకల్నీ వంటింటి పెద్ద అగ్గిపెట్టెలో పెట్టి, అద్దం ముందున్న దువ్వెన పక్కన ఉంచింది. రోజూ తల దువ్వుకుంటూ వాటిని చూసేది. ఒక షటిల్ అయితే పొరపాటంటారు. అందుకని ఆటల సామాన్ల దుకాణాల చుట్టూ తిరిగి, వెనక్కిచ్చేసినవీ విరిగినవీ అడిగి తెచ్చుకుంది. నాలుగు నెలల్లో నలభై ఒక్క షటిళ్ళు ఊడదీసింది. కుడికి వాలిన కోత కనబడ్డప్పుడల్లా ఆవిడకి కడుపు నిండినట్టుండేది. బాగా చిక్కిపోయింది గానీ మొహంలో అంత కళ ఎప్పుడూ లేదని పక్కింటావిడ అంది.

ఎలా పసిగట్టిందో చెల్లెలు వచ్చి కూర్చుంది. "నా మొహం చూసైనా వదిలెయ్యవే అక్కా."

"నీ మొహం చూసే పదకొండేళ్ళ కిందట పని ఇప్పించాను. చూడ్డం అయిపోయింది."

మర్నాడు పని మంచి జోరులో ఉండగా కార్ఖానాకి వెళ్ళింది. యజమానురాలి గదికి కాదు, నేరుగా హాల్లోకి. తన పాత బల్ల మీద, అగ్గిపెట్టెలోవి తప్ప మిగతా ఈకలన్నీ, ఎడమకి వాలినవీ కుడికి వాలినవీ రెండు కుప్పలుగా పోసింది. యజమానురాలు వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని రెండు కుప్పలూ చూసింది. కత్తెరక్క చెప్పగా మేస్త్రీ జేబులోంచి కత్తి తీయించి ఒక ఈక కోయించింది. అదే గీత.

"గోదాంలో కలిసిపోయుంటాయి మేడం," అన్నాడతను. ఎలా కలిశాయంటే తెలియదన్నాడు. ఎన్నిసార్లడిగినా అదే మాట. యజమానురాలికి గొడవ పెంచడం ఇష్టం లేదు. అతని తాళాలు తీసుకుని, కత్తెరక్కని పనిలోకి వచ్చెయ్యమంది, అతన్ని పంపించేస్తానంది.

"పంపించకండి," అంది కత్తెరక్క. "నా బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఈకలు ఏరడం నేర్పిస్తాను."

అది దయ అనుకున్నవాళ్ళు వారం తిరక్కుండానే లెంపలేసుకున్నారు. రోజూ సాయంత్రం అతను ఏరిన బుట్టని ఆవిడ బల్ల మీద బోర్లించేది. వేళ్ళతో ఒక్కసారి కలియబెట్టి, తప్పు దొరికితే చాలు, ఒక్కటైనా సరే, మొత్తం మళ్ళీ కలిపేసేది. "చూపు ఆనడం లేదా మరిదీ? మళ్ళీ చూడు." అందరూ చేతులు కడుక్కుని వెళ్ళిపోతుంటే అతను వంగి కూర్చుని ఏరుతుండేవాడు. ఇలా ఆర్నెల్లు. అతను ఎదురు చెప్పలేదు. కలిపింది తనేనన్న మాట ఒక్కటి మాత్రం ఒప్పుకోలేదు. ఆవిడకి కావలసింది అదొక్కటే.

చివరికి ఒక రోజు బుట్టలో తప్పు దొరకలేదు. మర్నాడూ దొరకలేదు. మూడో రోజు రెండుసార్లు తిరగేసి చూసింది, లేదు. అన్నం సయించలేదు ఆవిడకి ఆ రోజు. మర్నాడు ఏప్రాను జేబులో అగ్గిపెట్టె పెట్టుకొచ్చింది. అతను మంచినీళ్ళకి లేచినప్పుడు అందులోంచి ఒక బాతు ఈక తీసి అతని కుప్పలో దూర్చింది. తనకి జరిగిందే తను చేస్తోందని తెలుసు. తెలిసే చేసింది.

అతను వచ్చి కూర్చున్నాడు. చకచకా ఏరుతున్న చెయ్యి ఒకచోట ఆగింది. ఈకని వేళ్ళ మధ్య లాగాడు. కాడ చివర బొటనవేలితో తడిమి చూశాడు.

"ఇది బాతుది వదినా," అన్నాడు మెల్లగా. "కోసింది నేను. గోదాం కిటికీ గడియ పెట్టడం మర్చిపోయాను. వానకి పెద్దబాతు ఈకల బస్తా బూజు పట్టింది. మేస్త్రీని చేసి ఏడాదైనా కాలేదు అప్పటికి. భయమేసింది. సెలవు రోజున కూర్చుని, లెక్క సరిపెట్టడానికి బాతు ఈకలు కోసి, నువ్వు కోసిన వాటిలో కలిపేశాను. నీ చూపుకేం కాలేదు."

పక్క బల్లల దగ్గర చేతులు ఆగిపోయాయి. కత్తెరక్క కత్తెర కింద పెట్టింది. పది నెలలుగా ఎదురుచూసిన మాట. చెవిలో పడ్డాక కాసేపు దాన్ని అలాగే ఉంచుకుంది.

తర్వాత కాలితో తన స్టూలుని అతని వైపు తోసింది.

"వెనక వరసకి వినబడలేదు మరిదీ. ఎక్కి చెప్పు."