ఖాళీ పేజీ కింద సంతకం

నా బడి ఏడో తరగతితో ఆగిపోయింది. మిగిలిన చదువంతా దర్జీ పని లేని మధ్యాహ్నాల్లో, జనగామ గ్రంథాలయంలో. పంచాయతీరాజ్ చట్టం పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివినవాడు తరిగొప్పుల దగ్గరి మా ఊళ్లో నేనొక్కడినే. దుకాణానికి వచ్చే కుర్రకారుకు కొలతలు తీస్తూనే చెప్పేవాడిని: “గ్రామసభకు రాండ్రి, లేచి అడుగుండ్రి. ఊరు మీది కాదా?”

“నువ్వున్నవు గద కాకా!” అని నవ్వేవాళ్లు. ఆ మాట నాకెంత ఇష్టమో అప్పుడు తెలియలేదు.

పోయిన వేసవిలో కుర్రకారులో ఒకరు నిజంగానే సభకు వచ్చారు. మా ఊరి తండా అమ్మాయి, జనగామలో డిగ్రీ చదువుతోంది. ఆ పుస్తకం ఏ అరలో ఉంటుందో ఆమెకు చూపించింది నేనే.

మా సభలో పంచాయతీ కార్యదర్శికి ఒక అలవాటుంది. కార్యదర్శి రిజిస్టర్‌లో పైన ఖాళీ వదిలి, కింద ముందుగా సంతకాలు తీసుకుంటాడు. తీర్మానాలు తర్వాత తీరిగ్గా రాసుకుంటాడు. మొదటి సంతకం ఎప్పుడూ నాది. ఆ గౌరవం నాకు బాగుండేది. ఆ రోజూ పెట్టాను.

రిజిస్టర్ తండా ఆడవాళ్ల దగ్గరికి వెళ్లగానే ఆ అమ్మాయి లేచింది. “ఆగుండ్రి. పోయినేడు గిట్లనే సంతకాలు పెట్టినం. తండాకు మంచినీళ్ల నల్లా లైన్ అడిగితే ఆ మాటే రాయలే. ముందు తీర్మానం రాసి, చదువుండ్రి.”

“గింత లొల్లి ఎందుకు బిడ్డా? చట్టం చదివిన మనిషే పెట్టిండు” అని కార్యదర్శి నన్ను చూపించాడు.

తండా ముసలవ్వ ఒకామె నవ్వింది. “ఏందయ్యా, కొలత తీయకుండనే గుడ్డ కోసినవా?”

సభంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది, కార్యదర్శి మీద కాదు, ఆ అమ్మాయి మీద. ముందు రాసి చదవమని అనాల్సింది నేను. ఇన్నేళ్లలో అనలేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, ఆమె ఓడిపోతుంది. ఆ ఆలోచన వచ్చింది, కాసేపు ఉంది కూడా. కానీ ఆమె వెనకాల ఆడవాళ్లు కూర్చున్నారు, వ్యవసాయ బావి నుంచి బిందెలు మోసేవాళ్లు.

లేచి, రిజిస్టర్ అడిగి, నా సంతకం కొట్టేశాను. “రాయండి సారూ. విన్నంకనే పెడత.”

కార్యదర్శి నల్లా లైన్ తీర్మానం రాశాడు, చదివాడు. తండావాళ్లు వరసకట్టి సంతకాలు, వేలిముద్రలు వేశారు. నా దుకాణంలో నవ్విన కుర్రాళ్లు లొల్లి విని వచ్చి ఆమె చుట్టూ చేరారు. “అక్కా, మళ్ల సభ ఎప్పుడు?”

ఆమె రిజిస్టర్ నా దగ్గరికి తెచ్చింది. “కాకా, నువ్వొక్కనివే మిగిలినవు.”

ఒక్క తప్పయినా దొరక్కపోతుందా అని వేలు పెట్టి ప్రతి వాక్యం చదివాను. దొరకలేదు. అట్టడుగున సంతకం పెట్టాను.