పన్నెండు డిగ్రీలు

మంచు మకాం దగ్గర బస్సు దిగేసరికి సాయంత్రం నాలుగు పది. తొంభైల మొదట్లో ఒక ఆగస్టు. చలి మైనస్ నాలుగు, పడమటి గాలి. ఆస్ట్రేలియాలో మంచేమిటని నవ్వకండి, నేనూ నవ్వుకుంటూనే వెళ్లాను. స్నోయీ పర్వతాల్లో మోకాళ్ల దాకా దిగబడ్డాక నవ్వు ఆగింది.

అప్పటికి సైన్యం వదిలి మూడేళ్లు. మన దేశంలో పదిహేనేళ్లు సర్వే పని చేసి, సిడ్నీలో ఒక యూనివర్సిటీలో టెక్నీషియన్‌గా కుదిరాను. ఉపగ్రహ చిత్రాల్లో మంచును చదవడం నేర్పే పదిరోజుల కోర్సు అది. దారి చూపే డ్యూటీ నాది. మాజీ సైనికుణ్ణి కదా, వేరే అర్హత ఎవరూ అడగలేదు.

నా జోడీ నిర్మల, పీజీ విద్యార్థిని. సిడ్నీ శివారు గిరావీన్‌లో వాళ్లమ్మ బస్సు దాకా వచ్చి, "మీరున్నారనే పంపుతున్నా అన్నయ్యగారూ. దానికి భయమంటే తెలీదు" అంది. నాకు ఆ భయం తెలుసు. ఆవిడ మాటతో అది ఇంకొంచెం పెరిగింది.

ఉపగ్రహం ఆ పదిరోజుల్లో మా మీదుగా ఒక్కసారే వెళ్తుంది. ఐదో రోజు ఉదయం తొమ్మిది నలభైకి. సరిగ్గా ఆ వేళకి మకాంకి రెండు కిలోమీటర్ల దూరాన, గట్టు మీద గుంత తవ్వి మంచు లోతు, బరువు, చల్లదనం కొలవాలి. పైనుంచి కనబడేదానికి కింద సాక్ష్యం మేమే.

ఆరున్నరకి బయలుదేరాం. పార, కొలకర్ర, త్రాసు, రేడియో, తాడు, దిక్సూచి. ఆకాశం తేటగా ఉంది. తొమ్మిది నలభైకి నిర్మల అంకెలు చెప్పింది, నేను రాశాను. పది ఐదుకి మబ్బు దిగింది. నేలా నింగీ ఒకే తెలుపు. నా బూట్లు నాకే కనబడలేదు.

మ్యాపు మీద మకాం వైపు కోణం కొలిచాను. నూట పది. అదే దిక్సూచిలో పెట్టాను. ఇద్దరం తాడు కట్టుకుని అడుగులు లెక్కపెడుతూ నడిచాం. మూడువేల మూడువందలకి మకాం రావాలి. మూడున్నర వేలైనా రాలేదు.

రేడియో నొక్కాను. "బేస్, మకాం కనబడటం లేదు."

"అక్కడే ఆగండి. జీపు హారన్ కొడతాం, వినండి," అన్నాడు కోర్సు నడిపే ప్రొఫెసర్ ఇంగ్లిషులో. గాలి తప్ప ఏమీ వినబడలేదు.

ఒక అడుగు ముందుకి కొలకర్ర గుచ్చాను. అడ్డే లేకుండా సగం దాకా దిగిపోయింది.

"అంకుల్, డెక్లినేషన్ మైనస్ చేశారా? ఇక్కడ ట్వెల్వ్ డిగ్రీస్ కదా," అంది నిర్మల వెనకనుంచి.

చేయలేదు. దిక్సూచి ముల్లు చూపేది అసలు ఉత్తరం కాదు, మ్యాపు కోణంలోంచి ఆ తేడా తీసేయాలి. మన దగ్గర ఆ తేడా లెక్కలోకి రానంత. పదిహేనేళ్లు దాన్ని వదిలేసి నడిచినవాణ్ణి. ఇక్కడ పన్నెండు డిగ్రీలంటే, రెండు కిలోమీటర్లు నడిచేసరికి నాలుగువందల మీటర్లు పక్కకి పోతాం. ఇదంతా తెలుసు. ఆ పొద్దున పాత అలవాటే పని చేసింది.

తప్పు మబ్బు మీదకి నెట్టేద్దామనిపించింది. "మర్చిపోయానమ్మా," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఓకే అంకుల్. అయితే లెఫ్ట్‌కి పోవాలి మనం. కంపాస్ ఇలా ఇవ్వండి."

ఇచ్చాను. కర్రను గుర్తుగా అక్కడే వదిలేశాం. ఆమె ముందు, నేను వెనక. ఇరవై నిమిషాలకి హారన్ వినబడింది. పన్నెండు ఐదుకి మకాం తలుపు తట్టాం.

మర్నాడు ఎండ కాసింది. కర్ర దూరంగా కనబడుతోంది. ప్రొఫెసర్ మమ్మల్ని దాని దగ్గరికి వెళ్లనివ్వలేదు. దూరం నుంచే కొలిచి మ్యాపు మీద గుర్తుపెట్టాం.

గిరావీన్‌లో బస్సు దిగగానే వాళ్లమ్మ నా చేతిలో పులిహోర డబ్బా పెట్టింది. "మీరున్నారు కాబట్టే నిశ్చింతగా ఉన్నా." నిజం చెప్పబోయాను. నిర్మల వద్దన్నట్టు తల ఊపింది. డబ్బా తీసుకున్నాను. ఆవిడకి నేటికీ చెప్పలేదు.

ఉపగ్రహ చిత్రం రెండు నెలలకి వచ్చింది. అందులో ఒక్కో చుక్క నేల మీద ముప్ఫై మీటర్లు. గట్టంతా తెలుపు. దక్షిణపు అంచు దాటితే నిలువు లోయ, దాని నీడ నలుపు. మ్యాపులోని గుర్తు చూసి నిర్మల కర్ర ఉన్న చుక్క చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టింది. ఆ చుక్క తెల్లగా ఉంది. దాని పక్క చుక్క నల్లగా ఉంది.