అత్తకు ఎవరూ లేరని రాసింది నేనే

మా వీధిలో ఉండే అత్త ఇంటి రేకులను ఎండాకాలపు గాలి ఎత్తుకుపోయింది. ఎత్తుకుపోయి కర్ణాటకలో పడేసిందని, అక్కడ ఒక రైతు వాటితో గొర్రెల దొడ్డి కట్టుకున్నాడని కుందుర్పిలో టీ తాగుతూ చెప్పినాను. నలుగురు నమ్మినారు. ఐదో ఆయన ఏ ఊళ్లో కట్టుకున్నాడని అడిగితే ఊరి పేరు కూడా చెప్పినాను. నిజానికి రేకులు పక్క చేన్లోనే వంకర్లు పోయి పడి ఉన్నాయి. రెండు నేనే మోసుకొచ్చినాను. ఒక్కొక్కటి ఏనుగు పిల్లంత బరువు.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. కుందుర్పిలో నాకు జిరాక్సు అంగడి ఉంది. అర్జీలు కూడా రాసిపెడతాను. బోరు ఒకటి ఎండిపోతే మూడు ఎండినాయని రాస్తాను, ఎద్దు కుంటితే చచ్చిపోయిందని రాస్తాను. ఒక బోరుకు ఏ ఆఫీసులోనూ తలెత్తి చూడరు. ఇరవై ఏండ్లుగా ఈ పని చేస్తున్నందుకు ఈ మండలంలో బతికున్న ఎద్దులన్నీ కాగితాల మీద చచ్చి ఉంటాయి.

అత్త నాకు రక్తసంబంధం కాదు, వరసకు అత్త. పిల్లలు లేరు, మామ పోయి చాలాకాలమైంది. ఆమెకు ఉండేదంతా మూడెకరాల ఎర్రనేల. వానొస్తే శనక్కాయ వేస్తుంది, ఆ కాయే ఆమెకు ఏడాది తిండి. కూలోళ్లను పెట్టి వేసే స్తోమత లేదు. మా వీధి ఆడవాళ్లు ఎనిమిది మంది ఆమెతో ముయ్యి చేస్తారు. ముయ్యి అంటే ఈరోజు నీ ఇంట్లో పని చేస్తే రేపు నా ఇంట్లో పని చేయడం. ఎవరూ ఎవరికీ కూలి ఇవ్వరు, మేలు చేసినావని చెప్పుకోరు. చెప్పుకుంటే అవతలి మనిషి మొహం చిట్లించుకుంటుంది.

వీడియోలు చేసే ఒకాయన ఉన్నాడు, కదిరి దిక్కు మనిషి. లేనివాళ్ల ఇండ్లకు పోయి ఏదో ఒకటి ఇస్తాడు, ఇచ్చేటప్పుడు వీడియో తీసి తన చానెల్లో పెడతాడు. చూసినవాళ్లు దుడ్లు పంపిస్తారు, వాటితో ఇంకో ఇంటికి పోతాడు. ఆయనకు ఫోన్లో అత్త సంగతి రాసి పంపింది నేను. నా జన్మలో అంత బాగా ఏ అర్జీ రాయలేదు. మూడు దినాలుగా పొయ్యి వెలగలేదని రాసినాను. తల దాచుకోను నీడ లేదని రాసినాను. ఊళ్లో పలకరించే దిక్కు లేదని రాసినాను.

పొయ్యి వెలగని మాట నిజమే. ఎదురింటి వదిన వెలగనిచ్చేది కాదు, మూడు పూటలా వాళ్లింట్లోనే తినమని అత్తను లాక్కుపోయేది. నేను ఆ ముక్క రాసిన పొద్దున అత్త ఉగ్గాని తిని, రెండు బజ్జీలు నాక్కూడా ఆకులో చుట్టి తెచ్చింది. అవి తింటూనే రాసినాను. నీడ సంగతికొస్తే, ఆమె మంచం, పెట్టె, సామాను, విత్తనం మూటలు ఆరూ ఎనిమిది మంది ఆడవాళ్లు గంటలో వదిన వసారాలోకి చేర్చినారు. పలకరించే దిక్కు ఎంత ఉందంటే, బదులు చెప్పి చెప్పి అత్త గొంతు పోయింది. ఇవన్నీ రాస్తే ఆయన రాడు. ఎనిమిది మంది ఉన్న మనిషికి రేకులు ఎవరిస్తారు.

ఆయన వారం తిరక్కుండా టెంపోలో కొత్త రేకులు, ఒక నెల సరుకులు వేసుకుని వచ్చినాడు. వెంట భార్య. వీడియో తీసేది ఆమె. వీధి వీధంతా వచ్చింది, పక్క ఊరి కుక్కలు కూడా వచ్చినాయి. మన ఎనిమిది మందీ గోడ వారగా నిలబడి ఉంటే ఆ అమ్మాయి ఫోను దించి చెప్పింది.

"అక్కా, మీరు కొంచం అవతలికి జరగండి. వీడియోలో పడతాండారు."

"పడితే ఏమమ్మా, మేం బాగలేమా?" అని వదిన అడిగింది.

"బాగుండారు కాబట్టే అక్కా."

అందరూ నవ్వినారు. నవ్వుతూనే టెంపో వెనక్కి పోయి నిలబడినారు. ఆడినుంచి వదిన, "పిన్నమ్మా, నీకు పౌడరు పూస్తారంట, మొగం కడుక్కో," అని అరిచింది.

ఆయన అత్త ముందర నేలమీద గొంతుకూచుని, "అవ్వా, ఇన్ని దినాలు ఊళ్లో ఎవురన్నా సాయం చేసినారా?" అని అడిగినాడు.

అత్త నోరు తెరిచి, టెంపో దిక్కు చూసి, మళ్లీ నన్ను చూసింది. నేను ఆ అమ్మాయి భుజం వెనక ఉన్నాను. లేదని తలాడించినాను.

"ఎవురూ రాలేదప్పా," అనింది అత్త. "నాకెవురుండారు."

మొదటిసారి తీసినప్పుడు మధ్యలో ఆటో హారన్ పడింది. రెండోసారి కోడి అడ్డమొచ్చింది. మూడోసారి అదే మాట చెప్తుంటే అత్తకు కండ్లనీళ్లు కారినాయి. ఆయనకూ కారినాయి. ఆయనవి దొంగ కన్నీళ్లని నేను మీకు చెప్పగలను, చెప్తే ఈ కథ ఇంకా బాగుంటుంది. కానీ ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాల్సి వస్తుంది. ఫోను సంచిలో పెట్టేసినాక ఆయన చొక్కా విప్పి ఇంటి పైకెక్కినాడు. మా ఊరి మగవాళ్లం కింద నిలబడి సలహాలు ఇస్తుంటే పొద్దుగూకేదాకా రేకులకు తనే బోల్టులు బిగించినాడు. అరచెయ్యి కోసుకుంది. భార్య తన పైట కొన చింపి కట్టు కట్టింది.

"ఇది తీయలేదేమమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగినాను.

"దీన్ని ఎవురు చూస్తారన్నా," అనింది.

పోయేటప్పుడు ఆయన టెంపోలో కూచుని, నేను అడక్కుండానే చెప్పినాడు. "పేరు కోసం చేస్తాండాడు అంటారన్నా నన్ను. అనుకోనీ. పేరు లేకపోతే రేకులు యాడనుంచి వస్తాయి?"

నేను టెంపో తలుపు వేసినాను.

వీడియో ఎంతమంది చూసినారో నన్నడిగితే భూమ్మీద మనుషులు చాలక చంద్రుడి మీద ఉండేవాళ్లు కూడా చూసినారని చెప్తాను. దాని నెత్తిన ఎర్ర అక్షరాలతో "ఈ ఊళ్లో మనుషులే లేరా?" అని రాసి, పక్కన మా ఊరి పేరు పెట్టినాడు. కింద జనం మమ్మల్ని తిట్టిన తిట్లు చదవడానికి నాకు మూడు పూటలు పట్టింది. రాతిగుండెలోళ్లు అన్నారు. వీళ్లకు వాన పడకపోవడానికి కారణం ఇదేనని ఒకాయన తేల్చేసినాడు. ఇంత కరువుకు కారణం తెలిసినందుకు మొదట నాకు నవ్వొచ్చింది.

వదిన కూతుర్ని రాప్తాడు దిక్కు ఇచ్చినారు. వీడియో వాళ్లత్తగారింటికి కూడా పోయింది. పది దినాలకు వదిన బస్సెక్కి నేరుగా నా అంగడికొచ్చింది. జిరాక్సు కోసం నిలబడినోళ్లను పక్కకు జరిపి స్టూలు మీద కూచుంది.

"నా బిడ్డ అన్నం తింటాంటే వాళ్లత్త ఫోను తెచ్చి కంచం పక్కన పెట్టిందంట. మీ ఊళ్లో ముసిలమ్మకు ముద్ద పెట్టే దిక్కు లేదా అనిందంట. ఏం చెప్పల్లప్పా నా బిడ్డ?"

"వీడియోలంటే అట్లే ఉంటాయి వదినా. కొంచం పెంచి చూపిస్తారు."

"పెంచితే పెంచుకోనీ. ఇరవై రెండు దినాలు మా వసారాలో పండుకునింది ఆయమ్మ. మేం మనుషులం కాదా?"

ఆమె లేచిపోయింది. నేను నిలబడినోళ్ల కాగితాలు తీసిచ్చినాను. ఆరోజు ఎన్ని తీసినానో, ఎవరివి తీసినానో గుర్తులేదు.

జూన్ ఆఖర్లో వాన పడింది. మా దిక్కు వానను వాన అనుకోవడానికి లేదు. మూడు నాలుగు దినాల గడువనుకోవాలి. నేలలో విత్తనం వేసేంత తేమ ఉండేది అంతవరకే, దాన్ని పదును అంటాం. పదును ఆరేలోపల గింజ భూమిలో పడాలి. గింజ పడాలంటే కాయ ఒలవాలి. మిషన్లో ఒలిస్తే గింజ పగులుతుంది, పగిలింది మొలవదు. నెల ముందే ఒలిచి పెట్టుకుంటే సత్తువ పోతుంది. అందుకని వాన పడ్డాక ఎనిమిది మందీ ఒక్కో వసారాలో చేరి చేత్తో ఒలుస్తారు. ఒక ఇంటిది అయిపోతే పక్కింటికి.

వరస ఎప్పుడూ తూరుపు కొసనుంచి మొదలవుతుంది. అత్త ఇల్లు రెండోది. మొదటి ఇంట్లో ఒలిచేది మధ్యాన్నానికి అయిపోయింది. అత్త వసారా ఊడ్చి, చాపలు పరిచి, మూటలు విప్పి పెట్టి, కుండలో నీళ్లు నింపి గడప దగ్గర నిలబడింది. ఆడవాళ్లు చేటలు చంకన పెట్టుకుని వీధిలో నడుచుకుంటూ వచ్చి, అత్త ఇంటి ముందర నడుచుకుంటూ పోయి, మూడో ఇంట్లోకి దూరినారు. మా ఇంటామె కూడా ఆ ఎనిమిదిలో ఒకతె. ఆమె మాత్రం మూడో ఇంటి మెట్టు దాకా పోయి, వెనక్కి తిరిగి వచ్చి అత్త చాపమీద కూచుని నాకు ఫోన్ చేసింది.

"అంగడి మూసి రా. నువ్వు రాసిందానికి నువ్వే ఒలువు."

ముగ్గురం కూచున్నాం. ఆరు మూటలు ఆరు కొండల మాదిరి కనపడినాయి. సాయంత్రానికి నా బొటనవేలు గుమ్మడికాయంత ఉబ్బింది. నేను ఒలిచింది చూసి మా ఇంటామె, "ఇది కోడి ఏరుకునేంత కూడా లేదు," అనింది. అత్త ఒలుస్తూనే ఉంది, వేళ్లు ఆమెవి కానట్టు.

రెండో దినం పొద్దున కదిరి ఆయనకు ఫోన్ చేసి వీడియో తీసెయ్యమన్నాను.

"దాన్ని చూసినోళ్లు పంపిన దుడ్లతోనే ఇంకో రెండిండ్లకు రేకులు వేస్తాండామన్నా," అన్నాడు. "అవి అయిపోతానే తీసేస్తా. అవ్వకు ఇప్పుడు కూలోళ్లు కావల్లనా? నేను పంపిస్తా. ఒలిచేటప్పుడు కొంచం వీడియో తీసి పంపన్నా, ఇచ్చినోళ్లకు చూపించల్ల."

పదును ఉన్న వారంలో మా జిల్లాలో కూలోళ్లు దొరకరు, ఎవరి చేన్లో వాళ్లే ఉంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా అత్తను అడిగినాను. తల కూడా ఎత్తకుండా, "వద్దప్పా," అనింది.

"నేను పోయి వదినతో మాట్లాడతాలే అత్తా."

"ఏం మాట్లాడతావు?"

"నువ్వు చెప్పింది కాదు, నేను చెప్పించినానని."

అత్త ఒక కాయ ఒలిచి, గింజల్ని చేటలో వేసి, పొట్టు ఊది, "చెప్పింది నా నోరే కదప్పా," అనింది.

నేను పోయినాను. వదిన చేన్లో ట్రాక్టరు వెనక నడుస్తోంది. నేను రాసింది, తలాడించింది, అన్నీ చెప్పినాను. పుట్టి బుద్ధెరిగినాక ఒక్క ముక్క పెంచకుండా చెప్పింది అప్పుడే. వదిన వింటూ నడిచింది, నేనూ చాళ్ల మీద పడుతూ లేస్తూ నడిచినాను.

"నువ్వు రాసినావని ముందే తెలుసు," అనింది చివరికి. "నువ్వు చెప్పేది ఈ ఊళ్లో ఎవురు నమ్ముతారప్పా? నువ్వు ఊళ్లో అందురూ చచ్చిపోయినారని రాసినా మాకేం కాదు. ఆయమ్మ చెప్పింది. మేం టెంపో వెనకాల ఉంటే చెప్పింది. ఆరోజు మేం కూడా నవ్వినాం. ఇప్పుడు ఎన్నిసార్లు చూసినా నవ్వు రాలేదు."

ఎండ కాస్తోంది. వదిన చేన్లో దున్నిన మట్టి ఇంకా ఎర్రగా తడిగా ఉంది. గట్టు దాటి అత్త చేన్లోకి పోయి కాలితో గెలికి చూసినాను. పైపొర అప్పుడే లేతరంగుకు తిరిగింది. నాకు బాధ రావాలి. అక్కడే కొంతసేపు నిలబడి చూసినాను. రాలేదు. ఆకలి కూడా లేదు. ఎండ ఉందని కండ్లకు తెలిసింది, ఒంటికి తెలియలేదు.

మూడో దినం పొద్దునకు మేం ఒలిచింది ఒక ఎకరాకు సరిపోయింది. మా తమ్ముడి ట్రాక్టరు తెచ్చి ఆ ఎకరా వేసినాం. మిగతా రెండెకరాలకు గింజ లేదు. సాయంత్రానికి పదును కూడా లేదు. నాలుగు మూటల కాయ మూటల్లోనే ఉంది. ఆగస్టులో వానొస్తే ఆ రెండెకరాల్లో ఉలవలు చల్లుకోవచ్చు అన్నాను. వస్తే, అనింది మా ఇంటామె.

అత్త చేనునుంచి వచ్చి కాళ్లు కడుక్కుంది. ఇంట్లోకి పోయి తన చేట తీసుకుంది. ఏడో ఇంటికి మోట బావి నీళ్లుంటాయి, పదును ఆరినా తడిపి విత్తుకుంటారు. వాళ్ల ఒలుపు ఇంకా నడుస్తోంది. అత్త చేట చంకన పెట్టుకుని ఆ ఇంటికి నడిచింది. మా ఇంటామె ఆమె వెనక, నేను ఇంకా వెనక.

వసారాలో ఏడుగురు ఉన్నారు. మాటలు ఆగిపోయినాయి. అత్త ఎవర్నీ చూడలేదు, ఎవరేమంటారో ఆగి వినలేదు. స్తంభం దగ్గర కొంచం చోటుంటే అక్కడ కూచుని, కుప్పలోంచి రెండు దోసిళ్ల కాయ తన చేటలోకి తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. మా ఇంటామె పక్కన కూచుంది. నేను మెట్టు మీద నిలబడినాను. కాయ పగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

గంట గడిచినాక వదిన అత్త చేటలోకి తొంగి చూసి, వేలితో ఒక గింజను పక్కకు నెట్టింది.

"ఇది పగిలింది పిన్నమ్మా. దీన్ని ఏరేయి."

అత్త దాన్ని ఏరేసింది.