చలిమంటలో ఉలి

నంద్యాలలో మొదటి బస్సెక్కి ఆళ్లగడ్డకు పోయి విగ్రహాలు చెక్కడం ముప్పై ఏళ్లుగా నా పని. చలికాలం పొద్దున్నే ఇనుప ఉలి పట్టుకుంటే వేళ్లు కొయ్యబారిపోతాయి. మొన్న విసుగెత్తి, దాన్ని తీసుకెళ్లి చలిమంటలో పెట్టాను. నిప్పుల్లో ఉలి మెత్తబడుతుందని తెలిసి కూడా పెట్టాను. చల్లారాక రాతిమీద నాలుగు దెబ్బలు వేశానో లేదో, మొన వంగిపోయింది.

పక్కన నంది విగ్రహం చెక్కుతున్న పెద్దాయన అది చూశాడు.

“ఏందప్పా, ఉలికి గూడా చలేస్తాందా?”

“ఈ చలి నాతో కాదన్నా. ఎండాకాలమే మేలు,” అన్నాను.

“ఎండల్లో చలికాలమే మేలంటివి. నీకు పడంది చలీ కాదు, ఎండా కాదప్పా. పని.”

వంగిన ఉలి పట్టుకుని మంట దగ్గరే కూర్చుండిపోయాను.