జాలీలో నల్ల గులకరాయి

ఆ ఒడ్డున అందరూ ఆయన్ని డిటెక్టివ్ బాబాయి అంటారు. నీళ్ళ మీద నడిపే జెట్ స్కీ బళ్ళు అద్దెకిచ్చే షెడ్డు ఆయనది. సాయంత్రం బండి ఒడ్డెక్కగానే దాన్ని పక్కకు వాల్చి, అడుగున నీళ్ళు పీల్చుకునే జాలీలోకి టార్చి వేసి వెతుకుతాడు. నాచు చిక్కితే ఒకచోటికి, ఎర్ర ఇసుక ఉంటే ఇంకోచోటికి వెళ్ళొచ్చారని లెక్క. కట్టుకున్న భార్య నవ్వినా ఎందుకు నవ్విందోనని ఆరా తీసే మనిషి, అద్దెకు తీసుకున్నవాళ్ళ మాట నమ్ముతాడా?

ఈ రోగం పుట్టుకతో వచ్చింది కాదు. పదకొండేళ్ళ కిందట, కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన ఇరుకుసందులో ఆయన బండి రాయికి గుద్దుకుంది. హ్యాండిల్ తిప్పాడు, బండి తిరగలేదు. మోకాలు పగిలింది. ఆ పొద్దున స్టీరింగ్ కేబుల్ బిగించింది బావమరిది. వేరే షెడ్డు పెట్టుకుంటానని అతనన్న వారానికే ఇది జరిగింది. ఇంకేం, "కావాలనే లూజుగా వదిలేశాడు" అని ఆసుపత్రి మంచం మీదే తేల్చేశాడు. అంతటితో బావమరిదికి ఇంటి గుమ్మం, బళ్ళకు ఇరుకుసందు మూసుకుపోయాయి. భార్య తమ్ముడి మాటెత్తితే ఈయన కంచం ముందునుంచి లేచిపోయేవాడు.

మొన్న, గైడుగా పనిచేసే కూతురి బండి జాలీలో నల్ల గులకరాయి దొరికింది. తీరమంతా గాలించినా ఆ రాళ్ళు ఇరుకుసందులో తప్ప ఉండవు.

"ఎక్కడికెళ్ళావమ్మా?"

"ఎప్పుడూ వెళ్ళే చోటికే నాన్నా."

బావమరిది షెడ్డు అటువైపే. పిల్లను కూడా తనవైపు తిప్పుకుంటున్నాడా? ఉన్నది ఒక్కతే కూతురు. అదీ చేజారితే తనకింకేం మిగులుతుంది?

మర్నాడు పొద్దున తన బండి కేబుల్ తనే రెండుసార్లు బిగించుకుని, కూతురి వెనకాలే బయల్దేరాడు. కొండ అంచుల చాటున నక్కుతూ, ఒక్కో మలుపూ దాటుతూ ఇరుకుసందు దాకా వెళ్ళాడు. అక్కడ కూతురు ఒక్కతే ఉంది. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఒకటి నీళ్ళ మీద తేలేలా వేసి, దానిమీదకే జోరుగా పోతోంది. దగ్గరికి రాగానే యాక్సిలరేటర్ వదిలి హ్యాండిల్ తిప్పుతోంది. బండి మాత్రం తిరగకుండా నేరుగా పోయి డబ్బాను గుద్దుతోంది.

"ఏంటా పని?" అంటూ దూసుకెళ్ళాడు. ఆమె పక్కకు తప్పుకుంది. డబ్బా, దాని వెనక తన మోకాలు పగలగొట్టిన ఆ రాయి ఒక్కసారిగా ఎదురొచ్చాయి. హ్యాండిల్ పూర్తిగా తిప్పాడు. బండి తిరగలేదు. డబ్బాను నెట్టుకుంటూ పోయి, రాయికి బారెడు దూరంలో ఆగింది.

కూతురు నెమ్మదిగా పక్కకొచ్చింది. "యాక్సిలరేటర్ వదిలేశావు నాన్నా. వదిలేస్తే వెనక నీళ్ళు చిమ్మడం ఆగి బండి తిరగదని రోజూ అందరికీ చెప్పేది నువ్వేగా."

"నేనెందుకు వదులుతాను?"

"భయమేసింది కాబట్టి. అప్పుడూ అంతేనేమో. మామయ్య తప్పెంతో చూద్దామని వారంగా ఇక్కడికొస్తున్నా."

ఆయన తన చేతికేసి చూసుకున్నాడు. యాక్సిలరేటర్ మీట వదిలేసిన వేళ్ళు ఇంకా తెరుచుకునే ఉన్నాయి. కేబుల్ బిగించింది తనే. అనుమానించడానికి ఇంకో మనిషి దొరకలేదు. కూతురి ముందు తలెత్తలేక సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంటికి పోలేదు. బండిని బావమరిది షెడ్డు ముందు ఒడ్డెక్కించాడు. లోపల స్పానర్లు తుడుస్తున్న మనిషి తలెత్తి, మళ్ళీ ఏ నింద మోసుకొచ్చాడోనన్నట్టు చూశాడు.

"ఈ కేబుల్ ఒకసారి చూడరా."

బావమరిది లాగి చూశాడు. నమ్మకం చాలక ఇంకోసారి లాగాడు. "బాగానే ఉంది బావా," అన్నాడు జాగ్రత్తగా.

"అప్పుడూ బాగానే ఉంది," అన్నాడాయన.