రెండుసార్లు పడ్డాయన్న తొమ్మిది పేర్లు

మా మామిడి రైతుల సంఘంలో సభ్యులు నాలుగు వందల ఇరవై ఒక్కరు. లెక్కల టీచరుగా రిటైరైన దగ్గర్నుంచి సభ్యత్వ రిజిస్టరు రాస్తున్నది నేనే. అందుకే ఆ మంగళవారం తిరువూరు ఆఫీసులో కంప్యూటరమ్మాయి "నాలుగు వందల పన్నెండు, మేడమ్. అంతా వచ్చేసింది" అనగానే నాకు అనుమానం పుట్టింది.

మందు కొట్టే ట్రాక్టరు మా సంఘానికి ఒక్కటే. సభ్యులు ఫోన్లో లాగిన్ అయ్యి వంతు బుక్ చేసుకుంటారు. మనిషికి వారానికి ఒక్క వంతు. వాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ ఇన్నాళ్లూ ఏదో కంపెనీ క్లౌడ్‌లో ఉండేవి. ఆ సర్వీసు ఆ సాయంత్రం ఆరింటికి ఆగిపోతుంది. ఆలోగా అవన్నీ మా ఆఫీసు కంప్యూటర్లోని డేటాబేస్‌లోకి, అంటే వరుసలూ గడులూ ఉన్న పట్టికల్లోకి మార్చాలి. దానికే విస్సన్నపేట నుంచి ఈ అమ్మాయి వచ్చింది.

"మిగతా తొమ్మిది మందీ ఏరమ్మా?"

"మనుషులు కాదు మేడమ్, డబుల్ ఎంట్రీలు. అదే పేరు, అదే ఇంటిపేరు, అదే నంబరు. తీసేశాను."

"ఎవర్నడిగి?"

"కొత్త టేబుల్లో ఒక నంబరుకి ఒకే మనిషండి. రెండోది ఎక్కదు."

పూత మీద తేనెమంచు పురుగు పడిన రోజులవి. తొమ్మిది వంతులు మిగిలితే ఎవరికి లాభమో ఆలోచించాను. పెద్ద తోటలవాళ్లు నలుగురు గుర్తొచ్చారు.

"నిన్నీ పనికి పిలిచిందెవరు?" అన్నాను.

"మీరే కదా మేడమ్ ఫోన్ చేసింది!"

నిజమే. అయినా ఆ తొమ్మిది పేర్లూ కాగితం మీద తీయించాను. మూడో పేరు వినగడప ఊరిది. చూడగానే తెలిసింది. ఆ ఇంటి కోడళ్లిద్దరూ అన్నదమ్ముల పిల్లలు. ఇద్దరికీ నాయనమ్మ పేరే పెట్టారు. ఇద్దర్నీ మళ్లీ ఒకే ఇంటి అన్నదమ్ములకే ఇచ్చారు. దాంతో ఇంటిపేరూ ఒకటే అయింది. చిన్నామెకు భర్త పోయాడు. మూడెకరాల తోట తనే చూసుకుంటుంది. ఫోన్ లేదు. అక్క నంబరు ఇస్తే రాసుకున్నది నేనే.

అంతలో ఆ నంబరు నుంచే ఫోన్ వచ్చింది. చిన్నామె.

"టీచరమ్మగారూ, పూతంతా జిగురుపట్టి రాలిపోతంది. ట్రాక్టరు పెడదామంటే ఫోన్లో నా పేరే లేదంట, మా అక్క పేరు మీద రేపటికుందంట, ఇంకోటి ఇవ్వదంట. నా పేరు తీయించేసింది మా అక్కే!"

వెనక నుంచి అక్క గొంతు: "ఆ, నాకు వేరే పని లేదు మరి! నా ఫోనులోనే నా మీద చాడీలా?"

సాయంత్రంలోగా చూస్తానని చెప్పి పెట్టేశాను.

కంప్యూటరమ్మాయి మొహం చిన్నబోయింది. క్లౌడ్‌లో ప్రతి మనిషికీ వేరే పొడుగాటి కోడ్ ఉందట. దాన్ని పక్కనపెట్టి ఫోన్ నంబరునే గుర్తుగా పట్టుకుంది. అప్పటికి మూడున్నర. పట్టిక మొత్తం చెరిపేసి, ఆ కోడ్‌తోనూ నా రిజిస్టరులోని సభ్యత్వ నంబరుతోనూ మళ్లీ మొదలుపెట్టింది.

నాలుగుంపావుకి నాలుగు వందల ఇరవై ఒకటి చూపించింది. మొత్తం కలిస్తే చాలదు. క్లాసులో హాజరు కలిసినా పేర్లు పిలిచేదాన్ని. తొమ్మిదీ పైకి చదివించాను. ఎనిమిది మంది విడివిడి మనుషులే. ఏడో పేరు మాత్రం ఒక్కడే. రిజిస్టరులో రెండుసార్లు ఎక్కాడు: రెండు తేదీలు, రెండు సభ్యత్వ నంబర్లు, రెండూ నా చేతిరాతే.

"ఇది మాత్రం డబులేనండీ" అంది, నా వైపు చూడకుండా.

"కొట్టెయ్" అన్నాను. నాలుగు వందల ఇరవై.

అయిదింటికి చిన్నామె షేర్ ఆటోలో వచ్చేసింది. పేరు మళ్లీ ఎక్కిందని మేం పంపిన మెసేజ్ అక్క ఫోన్లో చదివి చెబితే నమ్మబుద్ధి కాలేదట. గురువారం అప్పటికే నిండిపోయింది. శుక్రవారం పొద్దున ఆరు గంటల వంతుకు ఆమె పేరు ఎక్కించారు. తెరమీద వరుసను వేలితో చూపించి, "ఇది నేనేనా? మా అక్కా?" అంది.

"నువ్వే. రెండు వందల ఆరు. మీ అక్కది రెండు వందల అయిదు."

"మళ్లీ కలిసిపోవుగా?"

కలవవని కంప్యూటరమ్మాయి అంది. చిన్నామె నా వైపు చూసింది. నంబరూ వారమూ గంటా ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ట్రాక్టరు అబ్బాయికి చూపిస్తానని దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ తీసి చదువుకుంది.