పండుగ పూట అనకూడని మాట

స్వీ ఇమ్ మా వృద్ధాశ్రమానికి మేనేజరుగా వచ్చేనాటికి నలభై దాటింది. మలేషియాలో మా ఊరు తైపింగ్‌లోనే ఒక ఆస్పత్రి వార్డులో ఏళ్ల తరబడి ఆయాగా చేసి, పని అయ్యాక చదువుకుని, ఈ ఉద్యోగం తెచ్చుకుంది. ఆశ్రమంలో మంచాలూ కుళాయిలూ బాగుచేసేది నేను. ముసలివాళ్లను పక్కకు తిప్పేటప్పుడు ఆమె చేతులు తొందరపడేవి కావు. దుప్పటిలో ముడతను కూడా వదిలేది కాదు, ఒరుసుకుని పుండు పడుతుందని. అందుకే ఆమె నాకు మొదటి వారంలోనే నచ్చింది.

ఆమె వచ్చాక మంచం పట్టిన మొదటి మనిషి ఖావ్ అవ్వ. అవ్వకు ఒక్కటే కోరిక. ఊపిరి తన ఇంట్లో, పెద్దల పటాల ముందు పోవాలి. బయట పోయినవాళ్లను మా చైనావాళ్లు గడప దాటించి లోపలికి తేరు, శవాన్ని బయటే ఉంచుతారు.

"నన్ను వాకిట్లో పడుకోబెట్టకురా" అని కొడుకు బూన్ టెక్ వచ్చినప్పుడల్లా అనేది.

అతను స్వీ ఇమ్‌కు ముందే చెప్పి పెట్టాడు. "దగ్గరపడితే ఒక్క ఫోన్ కొట్టండక్కా. ఏ పనిలో ఉన్నా వ్యాన్ తీసుకుని వచ్చేస్తా."

మా చైనావాళ్ల కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున అవ్వకు ఒళ్లు తుడుస్తూ స్వీ ఇమ్ ఆగిపోయింది. పాదాలు చల్లబడ్డాయి. మోకాళ్ల మీద ఊదా మచ్చలు తేలాయి. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. పక్క మంచం బోల్టు బిగిస్తున్న నన్ను పిలిచింది.

"ఏమంటావన్నా?"

"నన్నడుగుతావేంటి? నువ్వు చూసినన్ని చావులు నేను చూశానా?"

"నోరు కడుక్కో. పండుగ పూట ఏం మాటలవి?"

బూన్ టెక్‌కు ఫోన్ చేసింది. అవతల సింహం ఆట డప్పులు, పిల్లల కేకలు. ముందు శుభాకాంక్షలు చెప్పింది. ఆ తర్వాత, "అమ్మ కాస్త నీరసంగా ఉన్నారు. వీలు చూసుకుని వస్తారా?" అంది.

"తింటోందా?"

"కొంచెం తగ్గించారు."

"ఇల్లంతా చుట్టాలక్కా. రేపు పొద్దున్నే వస్తాను. అమ్మకి నారింజలు తెస్తా."

ఫోన్ పెట్టేసింది.

"చెప్పలేదు నువ్వు" అన్నాను.

"నీరసం అన్నానుగా."

"నీరసం నాకూ ఉంది."

"ఏడాది మొదటి రోజున ఒకరి ఇంట్లోకి ఆ మాట ఎలా పంపను? వాళ్లింట్లో ఏం జరిగినా ఏడాదంతా నా మాట వల్లే అనుకుంటారు."

మధ్యాహ్నం మళ్లీ ఫోన్ చేతిలోకి తీసుకోవడం చూశాను. పండుగకని గోడకు అంటించిన ఎర్ర కాగితాల వైపు చూసి జేబులో పెట్టేసుకుంది. దీపాలు పెట్టే వేళకు అవ్వ మా మంచం మీదే పోయింది.

మర్నాడు ఇద్దరం బూన్ టెక్ ఇంటికి వెళ్లాం. వాన. గేటు బయట, రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టి కింద శవపెట్టె ఉంచారు. కోడలు తలుపుకు అంటించిన ఎర్ర కాగితాలు గోళ్లతో గీకి తీస్తోంది. బూన్ టెక్ పెట్టె మీద పడ్డ చినుకులను చొక్కా కొసతో తుడుస్తున్నాడు.

"మీకు తెలుసు కదక్కా" అన్నాడు తలెత్తకుండా.

"తెలుసు."

"మరి?"

"పండుగ అని నోరు రాలేదు."

అతను చాలాసేపు తుడుస్తూనే ఉన్నాడు. "నేనూ తిరిగి అడగలేదు. మీరు పండుగ రోజున ఊరికే ఫోన్ చేయరని తెలిసీ."

పెట్టె మోయడానికి వచ్చిన ఒక ముసలాయన విసుక్కున్నాడు. "ఆ గేటు మూసేయండయ్యా, లోపలికి చావు గాలి పోతుంది."

"తెరిచే ఉంచండి. అమ్మకి ఇల్లైనా కనబడనీ" అన్నాడు బూన్ టెక్.

స్వీ ఇమ్ అగరొత్తులు వెలిగించి, దండం పెట్టి, సందు చివరికి నడిచింది. అక్కడ ఒక చూరు కింద నిలబడి ఫోన్ తీసింది. మా దగ్గర లావ్ గారు కూడా నాలుగు రోజులుగా నీళ్లు మింగడం లేదు. ఆయన కూతురికి చేసింది.

"అమ్మా, ఆశ్రమం నుంచి. మీ నాన్నగారు చనిపోబోతున్నారు. ఈ వారం దాటరు. ఇంటికి తీసుకెళ్తారా?"

అవతల కూతురు ఏదో గట్టిగా అరవడం నాకూ వినిపించింది. లైను తెగిపోయింది.

స్వీ ఇమ్ తడిసిన ఫోన్‌ను భుజాన ఉన్న తువ్వాలుతో తుడిచి, మళ్లీ అదే నంబరు నొక్కింది.